రెండో కోజీ క్రైమ్ నవల సగంలో ఆగింది, సంక్రాంతికి పుస్తకం రావాలి, మధ్యలో సభలు. లెక్క ఎలా వేసుకోవాలి?

ఏటిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. కోజీ క్రైమ్ రాసేవాళ్లూ, అచ్చు పని తెలిసినవాళ్లూ, సభలు నడిపేవాళ్లూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అన్నీ ఒకేచోట అడుగుతున్నాను. కోజీ అంటే తెలియనివారికి ఒక్క మాట: నెత్తురు, హింస తెరమీదకి రాకుండా, ఊళ్లో ఒకరినొకరు ఎరిగిన మనుషుల మధ్యే తేలే హత్యకథ. అపరాధిని పట్టుకునేది పోలీసు కాదు, ఊరి మనిషే.

నవల 22 అధ్యాయాలు, 45 వేల పదాలు అనుకున్నది. జూలై మొదటివారానికి 11 అధ్యాయాలు, 24 వేల పదాలు అయ్యాయి. కథాస్థలం కోనసీమలో అంబాజీపేటకీ పి.గన్నవరానికీ మధ్య ఒక కల్పిత ఊరు. కాలం మే నెల, పెళ్లిళ్ల రోజులు. పెళ్లింటి వంటమేస్త్రి రాత్రి కనిపించకుండా పోతాడు, తెల్లారేసరికి లాకు (కాలువ నీళ్లు ఆపి వదిలే గేట్లు) దగ్గర కాలువలో శవం తేలుతుంది. ఆరా తీసేది రిటైరైన పోస్టుమాస్టరు, ఆవిడే నాయిక. చివరి అధ్యాయంలో కల్యాణ మండపంలో అందరినీ కూర్చోబెట్టి, ఎస్సై గారి ఎదురుగానే హంతకుడి చేత నేరం ఒప్పిస్తుంది.

మూడు వారాలుగా 12వ అధ్యాయం కదలడం లేదు. రాయడానికి వారంలో ఐదు రోజులు, పొద్దున్న రెండేసి గంటలు దొరుకుతాయి. రోజుకి 500 పదాలు పడతాయి. సంక్రాంతికి పుస్తకం చేతిలో ఉండాలి. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకి రెండుచోట్ల మాట్లాడమన్నారు. తేదీలు ఎలా పేర్చుకోవాలి? మధ్యభాగం ఎలా కదిలించాలి? పోలీసు పద్ధతిలో తప్పులుంటే చెప్పండి. సభల్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా.

లొల్లలాకు

మిగతావి తెలిసినవాళ్లు చెబుతారు. నేను నీళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే మీ కథకి పునాదే అక్కడ కదులుతోంది.

మేలో ఆ కాలువలో శవం తేలదండి. తేలడానికి నీళ్లుండవు. దాళ్వా (రబీ వరి) చేను పండుముఖం పట్టాక ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, సార్వా (ఖరీఫ్ వరి) నారుమళ్లకి జూన్లో వదులుతారు. ఏడాదిని బట్టి పదీ పదిహేను రోజులు అటూ ఇటూ అవుతుంది. ఆ మధ్యలో కాలువలో ఉండేది బురద, గోతుల్లో మోకాలి లోతు నిలవ నీళ్లు, ఎండిన గుర్రపుడెక్క, పూడిక తీసే పొక్లెయిన్లు. లాకు గేట్లకి మరమ్మతులు చేసేదీ అప్పుడే. కోనసీమ పాఠకుడు మొదటి అధ్యాయంలోనే పుస్తకం మూసేస్తాడు.

రెండు దారులున్నాయి. ఒకటి, పెళ్లిని మాఘమాసానికి జరపడం. అప్పుడు దాళ్వాకి నీళ్లు పారుతుంటాయి. నీళ్లు తక్కువైన ఏడాది వంతులవారీగా వదులుతారు: ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. ఇది మీకు బంగారంలాంటి ఆధారం. వంతు లేని రాత్రి కాలువలో పడేసింది పడేసినచోటే ఉంటుంది, వంతు రాగానే దిగువకి కొట్టుకుపోతుంది. కాబట్టి నీళ్లు ఏ రోజు వస్తాయో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నదే అనుమానితుల్ని వడకట్టేస్తుంది. రైతుకి తెలుస్తుంది. పట్నం నుంచి వచ్చిన పెళ్లివారికి తెలియదు.

రెండోది నాకు ఎక్కువ ఇష్టమైనది. హత్య మాఘంలో, బయటపడటం మేలో. ఇత్తడి గుండిగ మూతనో, బరువైన గరిటెనో నీళ్లలో విసిరేసి కొట్టుకుపోతుందనుకుంటారు. బరువైనది కొట్టుకుపోదు, అక్కడే పూడికలో కూరుకుంటుంది. కాలువ కట్టేశాక పొక్లెయిన్ తొట్టెలో పైకొస్తుంది. మాఘంలో కాలుజారి పడ్డాడని సర్దుకున్న చావు మేలో హత్య అవుతుంది. మీ పెళ్లిళ్ల రోజులు కూడా చెడవు, అదే ఇంట్లో రెండో పెళ్లి పెట్టుకోవచ్చు.

శవం విషయం కూడా చూసుకోండి. మునిగిన శవం ఆ రాత్రికి ఆ రాత్రే తేలదు. లోపల వాయువులు పుట్టాకే పైకొస్తుంది. వేసవి నీళ్లలో ఒకటి రెండు రోజులు, చలి రోజుల్లో ఇంకా ఎక్కువ పడుతుంది. తెల్లారేసరికి కనిపించాలంటే తేలనక్కర్లేదు, లాకు గేటుకో గుర్రపుడెక్కకో చిక్కుకున్నట్టు రాయండి. కోజీ కాబట్టి తువ్వాలు, చెప్పు చూపించి ఆపేసినా సరిపోతుంది.

ప్రవాహం దిక్కు తప్పొద్దు. కాలువ నీళ్లు ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువనుంచి మొదలవుతాయి. ఆనకట్టకి దిగువన గోదావరి పాయలో పడినది కాలువలోకి రాదు. మధ్య డెల్టాలో లొల్ల లాకుల దగ్గర పంచుకుని కిందికి వెళ్తాయి. పి.గన్నవరం దగ్గర కాలువ అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) మీదుగా వైనతేయ పాయ దాటి రాజోలు వైపు పోతుంది. అంటే ఒకే వంతెన మీద నిలబడి ఒక వస్తువు కాలువలో వేస్తే రాజోలు పొలాలవైపు, పక్కకి విసిరితే నదిలో పడి ఓడలరేవు దగ్గర సముద్రంవైపు. పైన ఒక నీరు, కింద ఒక నీరు. ఈ చోటు కథకి వాడుకోకపోతే అన్యాయం.

వెనకనుంచిలెక్క

లొల్లలాకు గారు చెప్పినదే 12వ అధ్యాయం ఆగడానికి అసలు కారణమని నా నమ్మకం. హత్య రాత్రి ఎవరు ఎక్కడ, ఎంతసేపు అన్నది నీళ్ల మీద నిలబెట్టారు. నీళ్లు తప్పు కాబట్టి నాయికకి పట్టుకోవడానికి కొస దొరకడం లేదు. మధ్యలో ఆగిన క్రైమ్ నవలకి జబ్బు దాదాపు ఎప్పుడూ ముందు అధ్యాయాల్లోనే ఉంటుంది. 12 మీద కూర్చోవద్దు. హత్య జరిగిన రాత్రిని మాత్రం నవలతో సంబంధం లేకుండా, హంతకుడి వైపునుంచి, సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా అరగంట అరగంటకి రెండు పేజీల్లో రాసుకోండి. అది పాఠకుడికి కాదు, మీకు. అందులో ఖాళీ ఉన్నచోటే నవల ఆగింది.

తర్వాత ఆధారాల పట్టీ. ఒక నోటుబుక్కులో ప్రతి ఆధారానికి ఒక వరస: ఏ అధ్యాయంలో పెట్టాం, అప్పుడు పాఠకుడు ఏమనుకుంటాడు, నిజమేమిటి, మళ్లీ ఎక్కడ కనిపిస్తుంది. హంతకుణ్ణి పట్టించే ఆధారం ముగింపుకి ముందు రెండుసార్లయినా కనిపించాలి. మొదటిసారి తొలి ఏడు అధ్యాయాల్లోనే, అదీ వేరే పనిలో ఉన్నట్టు. గాడిపొయ్యి దగ్గర కొబ్బరికాయల లెక్క చెబుతున్నప్పుడు పక్కన పడి ఉన్న తాడు, అలాగ. ఒక్కసారే కనిపిస్తే పాఠకుడు మోసపోయానంటాడు, నాలుగుసార్లు కనిపిస్తే ఎనిమిదో అధ్యాయంలోనే పట్టేస్తాడు.

మీ నాయిక పోస్టుమాస్టరు అన్నది పెద్ద బలం, దాన్ని వాడుకున్నట్టు కనిపించడం లేదు. ఉత్తరం విప్పకుండానే ఆవిడకి తెలిసేవి చాలా ఉన్నాయి: ఎవరికి ఎక్కడినుంచి వచ్చింది, తేదీ ముద్ర ఏ ఊరిది, అందినట్టు సంతకం చేసినది ఎవరు, ఆర్డీ (నెలనెలా కట్టే పొదుపు) కట్టడం ఎవరు ఏ నెలలో ఆపేశారు. రిటైరయ్యాక ఆ లెడ్జర్లు ఆవిడ చేతిలో ఉండవు, జ్ఞాపకమే ఉంటుంది. ఆ జ్ఞాపకంలో ఒక తేదీ తప్పు కావడమే మధ్యలో మలుపు కావచ్చు.

మధ్య మలుపంటే రెండో హత్యే అక్కర్లేదు. కోజీలో రెండో శవం తరచూ రచయిత తొందరే. అప్పటిదాకా పాఠకుడూ నాయికా నమ్మిన సిద్ధాంతం కూలిపోతే చాలు. మీ మొదటి అనుమానితుడు 12లో నిర్దోషి అని తేలాలి, కానీ ఆ రాత్రి అతను దాచిన ఇంకో సంగతి బయటపడాలి. అయిదుగురు అనుమానితులుంటే అయిదుగురికీ హత్య కాని ఒక రహస్యం ఉండాలి. అప్పు, సంబంధం చెడటం, వంట సరుకులో చేతివాటం, ఇలాంటివి.

ఇక అంకెలు. మిగిలినవి 21 వేల పదాలు, 11 అధ్యాయాలు, అంటే అధ్యాయానికి 1,900. మొదటి సగంలో మీ సగటు 2,180 వచ్చింది, రెండో సగం బిగువుగా ఉండటం మంచిదే. వారానికి 2,500 చొప్పున ఎనిమిదిన్నర వారాలు. కాలం మార్చడంవల్ల పాత అధ్యాయాలు సవరించడానికి ఒక వారం పోతుంది. సెప్టెంబరు రెండోవారం దాకా చిత్తుప్రతి. తర్వాత రెండు వారాలు ముట్టుకోవద్దు. అది విశ్రాంతి అనుకోకండి. మీరు ఎక్కడ దాచారో మీకే కాస్త మరుపు వస్తేనే ఆధారాలు పాఠకుడి కంటితో కనిపిస్తాయి. ఆ రెండు వారాల్లో ఇద్దరికి చదవడానికివ్వండి. ఒకరు క్రైమ్ బాగా చదివేవారు, ఒకరు అసలు చదవనివారు. ఇద్దర్నీ ఒకే మాట అడగండి: ఏ అధ్యాయం దగ్గర ఎవరిని అనుమానించారు? బాగుందా అని అడక్కండి. సెప్టెంబరు చివరినుంచి నాలుగు వారాలు దిద్దుబాటు. అక్టోబరు ఆఖరుకి రాతప్రతి పూర్తి. మధ్యలో దసరా వస్తుంది, ఆ వారం లెక్కలోంచి ముందే తీసేయండి.

నా గట్టి సలహా ఒకటి. పదాల లెక్క బయట ఎక్కడా చెప్పొద్దు. ఇన్ని వేలు అయ్యాయని సభలో చెబితే మరుసటి సభలో అందరూ ఆ అంకే అడుగుతారు. పూర్తయిన మెట్టు మాత్రమే చెప్పండి: చిత్తుప్రతి అయింది, దిద్దుబాటు అయింది, అచ్చుకి వెళ్లింది. విడుదల తేదీ ఆఖరి ప్రూఫు మీద సంతకం పెట్టాకే.

నల్లకోటు

పోలీసు పద్ధతి గురించి. కథ 2024 జూలై 1 తర్వాత జరిగితే పాత సెక్షన్లు వాడకూడదు. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. హత్యకి 302 కాదు, 103. ఊళ్లో జనం మాటల్లో మాత్రం 302 అనే రానివ్వండి, జనం ఇంకా అలాగే అంటారు. ఎస్సై నోటినుంచి మాత్రం 103 రావాలి.

అనుమానాస్పద మరణంగా మొదలైతే నాగరిక్ సురక్షా సంహిత 194 కింద, పాతది 174. ఊరి పెద్దమనుషులు ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది సమక్షంలో శవపంచనామా, తర్వాత ప్రభుత్వ వైద్యుడి చేత పోస్టుమార్టం. మీ నాయికకి సంగతులు తెలియాలంటే ఆవిణ్ణి పంచాయతీదారుల్లో ఒకరిగా కూర్చోబెట్టండి. చట్టబద్ధంగా శవాన్నీ పరిసరాలనీ చూసి సంతకం పెట్టే చోటు అది. ఎస్సై ఆవిడకి ఫైలు చూపించేశాడని రాయడంకన్నా ఎంతో నయం. మరణించినది పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అయితే విచారణ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేస్తారు, మన దగ్గర సాధారణంగా తహసీల్దారు. మీ కథలో వంటమేస్త్రి కాబట్టి ఆ అవసరం లేదు. హత్యగా మారాక దర్యాప్తు ఇన్‌స్పెక్టరు చేతికి వెళ్లినట్టు రాయండి. ఎస్సై ఒక్కడే కథంతా మోయడం పొరపాటు.

విసెరా పరీక్ష (శవం లోపలి భాగాలకి ల్యాబులో చేసేది) ఫలితం మర్నాటికి రాదు. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. మాఘంలో చావు, మేలో రిపోర్టు అన్నది లొల్లలాకు గారి కాలానికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు చివరి అధ్యాయం. ఎస్సై ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో నిలవదు. సాక్ష్య అధినియమ్ 23 ప్రకారం పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదు. పాత చట్టంలోని 25, 26, 27 సెక్షన్ల సారమంతా ఇప్పుడు ఇందులోనే ఉంది. అదే మాట పోలీసులు రాకముందు ఊరి పెద్దల ముందు అంటే చెల్లుతుంది, కానీ అది బలహీనమైన సాక్ష్యం, దానికి తోడు ఇంకేదో కావాలి. కస్టడీలో ఉన్నవాడు చెప్పినదాన్నిబట్టి ఒక వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. మేజిస్ట్రేటు ముందు 183 కింద ఇచ్చినది గట్టిది. కాబట్టి మండపంలో ఎస్సైని ముందు వరసలో కూర్చోబెట్టకండి. నాయిక పెద్దల ముందు మాట్లాడించాలి, హంతకుడి నోట అతనికి తప్ప ఇంకెవరికీ తెలియని ఒక చోటు జారిపోవాలి, ఎస్సై తర్వాత వచ్చి ఆ చోట తవ్వించాలి. సోదా, స్వాధీనం ఆడియో వీడియోలో రికార్డు చేయాలని 105 చెబుతోంది, ఆ ఒక్క వాక్యం వేస్తే ఇప్పటి కథ అనిపిస్తుంది.

ఇంకోటి. కల్పిత ఊరు పెట్టడం మంచిదే. దాంతోపాటు ఇంటిపేర్లు కూడా చూసుకోండి. డెల్టాలో ఇంటిపేరు, వృత్తి, ఊరి దిక్కు మూడూ కలిస్తే ఒక నిజమైన కుటుంబం మీదకి వేలు చూపినట్టే. వంటమేస్త్రికీ హంతకుడికీ ఇంటిపేరు లేకుండా పిలుపుపేరే ఉంచండి.

ఏటిగట్టు

చాలా ఉపకారం చేశారండి. మాఘంలో చావు, మేలో గుండిగ మూత, అదే ఖాయం. పంచాయతీదారు ఆలోచన అద్భుతం. నాయిక సంతకం పెట్టిన కాగితమే ఆవిడకి తర్వాత మనసులో ముల్లవుతుంది, 12 అక్కడినుంచి మొదలవుతుంది.

నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేస్తాను. ప్రెస్సువారు అను అనే పాత డీటీపీ ఫాంటు పద్ధతిలో కావాలంటున్నారు. దానికి ఎంత సమయం వదలాలి? ఆవిష్కరణ సంక్రాంతి రోజునే పెట్టొచ్చా?

ప్రూఫుకాగితం

యూనికోడ్‌నుంచి అనుకి మార్చడం నిమిషాల పని, మార్చాక వచ్చే తప్పులు పట్టడం వారాల పని. ఏవి విరుగుతాయో ముందే తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్, ఇన్‌స్పెక్టర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని ఒక గుర్తు ఉంటుంది, మార్పిడిలో అది పోయి అక్షరాలు వత్తులుగా అతుక్కుంటాయి. మీది పోలీసు కథ, ఇన్‌స్పెక్టరు పేజీపేజీకీ వస్తాడు. ఉల్లేఖన చిహ్నాలు, పొడవు గీతలు వేరే అక్షరాలుగా మారతాయి. సంభాషణలు ఎక్కువున్న నవలలో ఇది పెద్ద నష్టం. మూడక్షరాల సంయుక్తాలు, అంటే స్త్రీ, రాష్ట్రం లాంటివి, ప్రత్యేకంగా వెతకండి. మార్పిడి అయ్యాక మొదటి ప్రూఫు తెరమీద కాదు, కాగితం మీద మొదటినుంచి చివరిదాకా చదవాల్సిందే. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టే డీటీపీవారు దొరికితే ఈ బెడద చాలావరకు ఉండదు, ఫాంటు అందం మాత్రం ముందుగా నాలుగు పేజీలు తీయించి చూసుకోవాలి.

సమయం ఇలా వదలండి: పేజీలు కట్టడానికి పది రోజులు, మొదటి ప్రూఫు పది రోజులు, దిద్దిన తర్వాత రెండో ప్రూఫు వారం, ఆఖరి చూపు మూడు రోజులు. నవంబరు అంతా అయిపోతుంది. డిసెంబరు మొదటివారంలో ప్రెస్సుకి ఇస్తే అచ్చు, బైండింగు మూడు వారాలు. డిసెంబరులో క్యాలెండర్లు, డైరీల పని ప్రెస్సులమీద పడుతుంది. పదో తారీఖు దాటితే మీ పుస్తకం వాటి వెనక నిలబడుతుంది. ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఆన్‌లైన్‌లో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, కానీ అక్టోబరులోనే దరఖాస్తు పెట్టండి. అట్ట వెనక బార్‌కోడు లేక ఆగిపోయిన పుస్తకాలు చాలా ఉంటాయి.

పేజీల లెక్క. డెమ్మీ 1/8 సైజులో పేజీకి సుమారు 220 పదాలు పడితే 45 వేలకి 205 పేజీలు, ముందు పేజీలు ఆరు కలిపితే 211. ఫారం 16 పేజీలు. 13 ఫారాలైతే 208, 14 అయితే 224. మూడు పేజీలకోసం ఇంకో ఫారం వేయడం వృథా. వరసల మధ్య ఎడం కొంచెం తగ్గించి 208కి తేవాలి. అక్షరం సైజు తగ్గించొద్దు, కోజీ పాఠకుల్లో పెద్దవయసువారు ఎక్కువ.

అట్ట విషయంలో మన గాలికి ఒక జాగ్రత్త కావాలి. పైవైపు మాత్రమే లామినేషన్ ఉన్న అట్ట తేమకి చాపలా పైకి ముడుచుకుంటుంది. లోపలి కాగితం తేమ పీల్చి సాగుతుంది, పైన ప్లాస్టిక్ సాగదు, అదీ కారణం. అట్ట కాగితపు నార వెన్నుకి సమాంతరంగా ఉండాలని ప్రెస్సువారికి చెప్పండి, 300 జీఎస్ఎం ఆర్ట్‌కార్డు అడగండి. వచ్చిన కట్టలు నేలమీద పెట్టకుండా చెక్కమీద, గోడకి జానెడు దూరంలో, పడుకోబెట్టి పేర్చండి.

శాఖాగ్రంథాలయం

సభల సంగతి. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20. మీ లెక్కలో అది మొదటి ప్రూఫు సమయం. రెండు సభలూ ఒప్పుకోవచ్చు, కానీ వెంటవెంటనే రెండు రోజుల్లో ముగించేయండి. వారం మొదట ఒకటి, చివర ఒకటి పెట్టుకుంటే మధ్య రోజులన్నీ పోతాయి. అక్కడ మాట్లాడేది మొదటి పుస్తకం గురించే. కొత్తదానిపేరు, కథాస్థలం చెప్పండి, చాలు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు మంచి సమయం: బడిపిల్లలూ పింఛనుదార్లూ ఇద్దరూ ఉంటారు. పిల్లలు ఉంటారు కాబట్టి హత్య చదవకండి, ఆధారం వెతికే ఘట్టం చదవండి. తుఫానుల నెల అది, ఆరుబయట షామియానాకి ఒప్పుకోవద్దు. సార్వా కోతలు మొదలైతే రైతుల ఊళ్లలో జనం రారు, నిర్వాహకులని ముందే అడగండి.

చదవడం గురించి. తెలుగు స్పష్టంగా చదివితే నిమిషానికి వంద పదాలు. 600 పదాలు, ఆరు నిమిషాలు, అంతకుమించొద్దు. పుస్తకంలోంచి కాకుండా 16 పాయింట్ల అక్షరంలో విడిగా అచ్చు తీసుకున్న కాగితంలోంచి చదవండి. ఊపిరి తీసుకునేచోట గీత పెట్టుకోండి. ఇద్దరు మాట్లాడుకునే సంభాషణ అయితే "అంది", "అన్నాడు" సగం కొట్టేయండి, గొంతే చెబుతుంది. అధ్యాయం చివరిదాకా చదవొద్దు, ప్రశ్న పుట్టినచోట ఆపేయండి.

ఆవిష్కరణ సంక్రాంతి మూడు రోజుల్లో వద్దండి. భోగినాడు ఇంటిపని, పండగనాడు కొత్త అల్లుళ్లు, కనుమనాడు ప్రభలు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి అంబాజీపేట చుట్టుపక్కల దారులన్నీ నిండిపోతాయి, మీ అతిథి కారు కదలదు. భోగికి ముందురోజు సాయంత్రం పెట్టండి. ఊరికి రావాల్సినవాళ్లు అప్పటికి వచ్చేసి ఉంటారు, ఇంకా పండగలో మునిగిపోయి ఉండరు. ముక్కనుమ పొద్దున్న పెట్టేవారూ ఉన్నారు, కానీ అప్పటికి సంచులు సర్దుకుంటుంటారు.

క్రైమ్ నవల ఆవిష్కరణలో మిగతా ఆవిష్కరణల్లో లేని ప్రమాదం ఒకటుంది: వక్త వేదికమీద హంతకుడి పేరు చెప్పేయడం. పుస్తక పరిచయం అంటే కథ మొత్తం చెప్పడమే అని మన సభల్లో అలవాటు, అందులో ఎవరి తప్పూ లేదు. వక్తలకి పుస్తకం మొత్తం ఇవ్వకండి. మొదటి ఎనిమిది అధ్యాయాలు విడిగా కుట్టించి ఇవ్వండి, పైన ఒక కాగితం: వీటి గురించి మాట్లాడవచ్చు, వీటి తర్వాతది దయచేసి వద్దు. పూర్తి ప్రతి వేదికమీదే చేతికి అందాలి. అధ్యక్షుడికి కూడా ఇదే పద్ధతి. ఆయనకి మినహాయింపు ఇస్తే ముగింపు మాటల్లో బయటపడుతుంది.

సభ మొత్తం 75 నిమిషాలు. వక్తలు ఇద్దరు, పదేసి నిమిషాలు. ఆవిష్కరణ, శాలువా పది. చదవడం ఆరు. మీ మాట పది. ప్రశ్నలు ఇరవై. మిగిలింది ఆలస్యానికి. పుస్తకాల బల్ల బయటికి వెళ్లే గుమ్మం పక్కన పెట్టండి, వేదిక పక్కన కాదు. వేదిక పక్కన పెడితే ఫొటోలు దిగేవాళ్లతో దారి మూసుకుపోతుంది. చిల్లర ఉంచండి. యూపీఐ కోడు కాగితం రెండుచోట్ల అతికించండి. సంతకం పెట్టే ముందు పేరు చీటీమీద రాయించుకోండి. సత్యవతికీ సత్యవాణికీ తేడా గోలలో వినిపించదు, తప్పు రాస్తే ఆ ప్రతి వెనక్కి రాదు.

ప్రశ్నల్లో తప్పకుండా వచ్చేది, ఇది ఫలానా ఊళ్లో జరిగిందే కదా అని. నవ్వి దాటేయకండి, మౌనం ఒప్పుకోలుగా వెళ్తుంది. ఊరు కల్పితం, కాలువ నిజం అని స్పష్టంగా చెప్పండి.

లొల్లలాకు

మూడో నవల గురించి ఆలోచన ఉంటే ఇప్పుడే ఒక మాట. జూలై, ఆగస్టుల్లో మీరు రాస్తూ కూర్చునే వారాల్లోనే గోదావరికి వరద వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగాక లంకలోకి పడవే దారి. సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య పంటు (జనాన్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. బయటివాళ్లు లోపలికి రారు, లోపలివాళ్లు బయటికి పోరు, ఎస్సై అవతలి గట్టున ఉంటాడు. కోజీకి కావలసిన మూసిన గది ఇంత పెద్దది ఇంకెక్కడా దొరకదు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు తాకిందని రేడియోలో వినగానే, అది మన దగ్గరికి చేరడానికి ఇంకా సమయముందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ వ్యవధిలో ఎవరు లంక వదిలి వెళ్లారు, ఎవరు కావాలని ఉండిపోయారు అన్నది ఈ వరదలోనే నోటుబుక్కులో గుర్తుపెట్టుకోండి. గంట, అడుగులు, పడవ ఎన్నిసార్లు తిరిగింది, ఇవన్నీ రాసుకోండి. వచ్చే ఏడాది గుర్తురావు.

ఏటిగట్టు

నోటుబుక్కు తీశానండి. మాఘం రాత్రి, సాయంత్రం ఆరు దగ్గర మొదలుపెట్టాను. పదిన్నరకీ పదకొండుకీ మధ్య ఒక అరగంట ఖాళీ ఉంది, పెద్దకోడలు ఎక్కడుందో నాకే తెలియదు.